అరుగు మీద టిష్యూ పొట్లం

నల్ల చెప్పుకు తెగిన పట్టీ కుట్టించాలి. డిగ్రీ కాగితాలు ఇంకో రెండు జిరాక్సులు తీయించాలి. చాందిని దగ్గర ఇస్త్రీ పెట్టె అడగాలి. నాన్నకు ఫోన్ చేయాలి, ఉద్యోగం మాట మాత్రం రానివ్వకూడదు. బియ్యం తేవాలి. శుక్రవారం లోపల ఆఫీసు బీరువా తాళంచెవి అప్పజెప్పాలి. జురాంగ్ ఐలాండుకు వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలి. బొబ్బిలి ఏమైపోయాడో కనుక్కోవాలి.

సోమవారం పొద్దున ఆఫీసులో ఒక పాత ప్రింటవుట్ వెనకవైపు కాత్యాయని ఈ పనులన్నీ రాసుకుంది. మధ్యాహ్నం అయినా ఒక్కటీ మొదలుపెట్టలేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు. మంచినీళ్ళ దగ్గరకు వెళ్ళి, గ్లాసు నింపి, తాగకుండానే పట్టుకొని తిరిగి వచ్చింది.

అది రెండువేల ఒకటి, సింగపూరు. వై టూ కే పేరు చెప్పి విమానాల నిండా మనవాళ్ళను దింపుకున్న కంపెనీలే, ఆ హడావుడి చల్లారాక ఒక్కొక్కరికీ తలుపు చూపిస్తున్న కాలం. కాత్యాయనిది ధర్మవరం దగ్గర మగ్గం నేసే ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. బ్యాంకులో ఆమె కాంట్రాక్టు శుక్రవారంతో ముగుస్తుంది. ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇక్కడ పనిచేసే పాస్ రద్దు, సూట్‌కేసు సర్దుకోవడమే. బుధవారం జురాంగ్ ఐలాండులో ఒక ఇంటర్వ్యూ ఉంది. ఆ ఇంటర్వ్యూ ఇప్పించింది అక్కడే పనిచేసే బొబ్బిలి. ఆ బొబ్బిలేమో గురువారం నుంచీ కనిపించడం లేదు.

బొబ్బిలి అంటే ఊరు కాదు, మనిషి. అసలు పేరు జయరాం. ఆమె అతన్ని ఎన్నడూ కళ్ళతో చూడలేదు. ఇద్దరికీ పరిచయం అరుగు మీద.

వికాస్ అని ఒక వరంగల్ కుర్రాడు తన ఆఫీసులో మూలనపడ్డ కంప్యూటర్ ఒకటి చూసుకొని, దాని మీద చాటింగ్ ప్రోగ్రాం రాశాడు. దానికి అరుగు అని పేరు పెట్టాడు. సింగపూరులో ఎవరి ఆఫీసు నుంచి వాళ్ళు ఎక్కవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడుకోవచ్చు. పేర్లు ఉండవు, ఊర్లే పేర్లు. వికాస్ వరంగల్, చాందిని గుంటూరు, కాత్యాయని అనంతపురం, జయరాం బొబ్బిలి. ఆ కంప్యూటర్ ముసలిది కాబట్టి దాని మీద పన్నెండు మందికే చోటు. మిగతావాళ్ళు కింద నిలబడి చదువుకోవచ్చు గానీ మాట కలపడానికి లేదు. పైనున్నవాళ్ళు కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే ప్రోగ్రామే వాళ్ళను కిందకు దించేసి, కింద ఉన్నవాళ్ళలో ఒకరిని ఎక్కిస్తుంది.

ఈ దించేయడం మీద మొదట్లో పెద్ద గొడవలయ్యాయి. మీటింగుకు పోయి వచ్చేసరికి చోటు పోయిందని గుంటూరు రెండు రోజులు అలిగింది. అప్పుడు బొబ్బిలే ఉపాయం చెప్పాడు. సింగపూరులో తిండి దొరకడం కష్టం కాదు, తినడానికి కూర్చోవడమే కష్టం. మధ్యాహ్నం పూట హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ళన్నీ ఒకే చోట ఉండే హాల్లో, ముందు బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పడేస్తారు, ఆ తర్వాతే వెళ్ళి లైన్లో నిలబడతారు. చోప్ చేయడం అంటారు దాన్ని. బల్ల మీద బంగారం పెడితే ఏమవుతుందో తెలియదు గానీ, టిష్యూ పొట్లాన్ని మాత్రం ఎవరూ కదపరు. "మన అరుగు మీద కూడా అదే పెట్టుకుందారండీ," అన్నాడు బొబ్బిలి. అప్పటి నుంచి లేచి వెళ్ళేవాళ్ళు 'టిష్యూ' అని కొడితే, పేరు పక్కన ఆ మాట నిలిచిపోతుంది. మనిషి తిరిగి వచ్చేదాకా ఆ చోటు ఆ మనిషిదే. ఎందుకు వెళ్ళావని అడగడం కూడా మర్యాద కాదు.

బొబ్బిలి ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆఫీసులో కుర్చీ వదిలి వెళ్ళేటప్పుడు నిజం టిష్యూ పొట్లమే కీబోర్డు మీద పెట్టేవాడట. పక్క సీట్లో ఉండే లిమ్ అంకుల్ పడీ పడీ నవ్వుతాడని చెప్పేవాడు. మానిటర్ మీద మైలో డబ్బాలో పెంచుకునే మనీప్లాంట్ సంగతి చెప్పేవాడు. బూన్ లే పేటలో తను గది అద్దెకున్న ఇంటాయన నారాయణస్వామి అంకుల్ సంగతి అయితే రోజూ ఉండాల్సిందే. బ్లాకు కింద కొబ్బరికాయల అంగడి, ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కిన కుటుంబం, తెలుగులో మొదలుపెట్టి తమిళంలో తిట్టి మలాయ్‌లో ముగించే మనిషి.

గురువారం మధ్యాహ్నం గొడవ ఉప్మా మీద.

"ఉప్మాను తిండి అనేటోళ్ళను అరుగు మీదికెల్లి దింపాలె," అని మొదలుపెట్టాడు వికాస్.

"దింపితే మీ హాస్టల్ మొత్తం ఉపవాసమే కదా బాబూ," అంది చాందిని.

బొబ్బిలి ఊరుకుంటాడా? "ఉప్మాని ఏటీ అనకండి. మా అమ్మ చేసిన ఉప్మా ఒక్క ముద్ద తింటే వికాస్ బాబు వరంగల్ కోట రాసిచ్చేస్తాడు. అందులో రహస్యం ఏటంటే..."

అందరూ ఆగారు. తర్వాత వచ్చిన ముక్క ఇది: "ఒక్క నిమిషం. టిష్యూ."

అంతే. ఆ ఒక్క నిమిషం సోమవారానికి కూడా పూర్తి కాలేదు.

"బొబ్బిలి రవ్వ కొననీకి పోయిండా ఏంది?" అన్నాడు వికాస్ ఆ మధ్యాహ్నం.

"రవ్వ కాదు, పెళ్ళిచూపులకి వెళ్ళుంటాడు. చెప్తే పార్టీ అడుగుతామని భయం," అంది చాందిని.

కాత్యాయనికి నవ్వు రాలేదు. "ఎవురన్నా ఫోన్ చేసినారా?" అని కొట్టింది.

"నంబర్ ఎవరి దగ్గరుందక్కా? ఆ ఐలాండ్ల ఫోన్లు గేటు కాడనే గుంజుకుంటరంట."

"నేను మెయిల్ పెడితే వెనక్కొచ్చింది."

"ఆఫీసు మెయిల్ గదా, డబ్బా నిండి ఉంటది. టిష్యూ పెట్టిండు గదా అక్కా, వస్తడు. అవునుగాని నిజం చెప్పు, నీ బెంగ బొబ్బిలి మీదనా, నీ రెజ్యూమే మీదనా?"

దాని వెనక ఒక నవ్వుముఖం కూడా పెట్టాడు. వికాస్‌ది ఎగతాళే, కడుపులో ఏమీ లేదు. అయినా కాత్యాయనికి ఆ మాట తగిలింది. ఆ ప్రశ్న పొద్దుటినుంచీ ఆమెను ఆమే అడుగుతోంది. జయరాం కనబడకపోతే రెజ్యూమే గురించి ఎవరిని అడగాలి అన్న ఆలోచన ముందు వచ్చిందా, పాపం మనిషికి ఏమైందో అన్నది ముందు వచ్చిందా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. "టిష్యూ" అని కొట్టి లేచింది.

బుధవారం కుట్టించిన చెప్పులతో, అరువు ఇస్త్రీతో బయలుదేరింది. తనుండే హౌగాంగ్ నుంచి బస్సులో వెళ్ళి, రైలెక్కి పడమటి కొసన ఆఖరి స్టేషన్ దాకా కూర్చోవాలి. కూర్చోవాలంటే కూర్చోలేకపోయింది. సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది. ఐలాండు గేటు దగ్గర సంచీ వెతికారు, ఫోన్ తీసుకున్నారు, మెడలో విజిటర్ పాస్ వేశారు. బస్సు సముద్రం మీది రోడ్డు దాటుతుంటే అవతల గొట్టాలు, పెద్ద పెద్ద ట్యాంకులు, ఒక పొడవాటి చిమ్నీ చివర పట్టపగలు మంట.

ప్లాంట్లకు కంట్రోల్ రూం సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అది. మేనేజరమ్మ అడిగినవాటికి కాత్యాయని తడుముకోకుండానే జవాబులు చెప్పింది. చివర్లో, "నా రెజ్యూమే మీకిచ్చింది జయరాం గారు. ఆయన్ని ఒకసారి కలవచ్చా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఓ, యెస్," అంది మేనేజరమ్మ. అని, కాగితం తిప్పింది. తిప్పిన కాగితంలో ఏమీ లేదు. "రండి, మీ చోటు చూపిస్తాను. సోమవారమే చేరగలరా?"

హాల్లో కిటికీ పక్క సీటు. మానిటర్ మీద మైలో డబ్బా, అందులో వడిలి వేలాడుతున్న మనీప్లాంట్. కీబోర్డు మీద అడ్డంగా టిష్యూ పొట్లం.

కాత్యాయని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మేనేజరమ్మ కుర్చీ వెనక్కు లాగి చూపిస్తోంది, కూర్చోమని. ఈ ఊళ్ళో టిష్యూ ఉన్న చోట ఎవరూ కూర్చోరని ఆ ఊరి మనిషికే తను ఎలా చెప్పాలి? అంతలో మేనేజరమ్మను ఎవరో పిలిచారు. ఆమె అటు వెళ్ళగానే పక్క సీట్లోంచి తెల్ల జుట్టు పెద్దమనిషి తల ఎత్తాడు.

"యూ ఆర్ జయరామ్స్ ఫ్రెండ్, ఈజ్ ఇట్?"

"యెస్, అంకుల్. ఆయన ఎక్కడ?"

లిమ్ అంకుల్ గొంతు తగ్గించాడు. "థర్స్‌డే, హెచ్చార్ కాల్ హిమ్. హీ థింక్ టూ మినిట్స్ ఓన్లీ. దెన్ సెక్యూరిటీ టేక్ హిమ్ టు ది గేట్, పాస్ కట్. కెనాట్ కమ్ బ్యాక్, కెనాట్ టేక్ బ్యాగ్ ఆల్సో. బ్యాగ్ ఐ బ్రింగ్ టు హిస్ హౌస్." టిష్యూ వైపు గడ్డంతో చూపించాడు. "క్లీనర్ వాంట్ టు త్రో. ఐ సే డోన్ట్ టచ్. చోప్ ఆల్రెడీ, హౌ టు త్రో లా?"

కాత్యాయని తన సీసాలో మిగిలిన నీళ్ళు మైలో డబ్బాలో పోసింది. మేనేజరమ్మ తిరిగి వచ్చాక, రేపు చెప్తానంది. మేనేజరమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఆ రోజుల్లో ఉద్యోగానికి రేపు చెప్తానన్న మనిషిని ఆమె చూసి ఉండదు.

గేటు దాటి ఫోన్ తీసుకుంది. ఇంటికి వెళ్ళే రైలు ఎక్కలేదు. బూన్ లేలో కొబ్బరికాయల అంగడి ఎక్కడని అడిగితే ఒక కూరగాయల ఆవిడ చెయ్యి చాపి చూపించింది. అరిటాకుల కట్టల మధ్య స్టూలు మీద నారాయణస్వామి అంకుల్, జయరాం మాటల్లోంచి లేచి వచ్చినట్టే ఉన్నాడు.

"జయరామా? పైన ఉన్నాడమ్మా. సుమ్మా, ఊరికే పడుకోని ఫ్యాన్ చూస్తా ఉన్నాడు. మకాన్ చెయ్ రా అంటే ఆకలి లేదంటాడు. నేను చెప్తిని, ఈ కంపెనీ పోతే ఇంకో కంపెనీ, ఐలాండు మునిగిపోయిందా అని. వింటేగా! సుసా లా, కష్టం మీ పిల్లల బతుకు. నువ్వు ఈడే ఉండు, అనంతపురం పిల్ల వచ్చిందని చెప్పి పిల్చుకోని వస్తా."

కిందకు వచ్చిన మనిషిని చూసి కాత్యాయని ఒక క్షణం గుర్తు పట్టలేదు, ఎన్నడూ చూడలేదు కాబట్టి. అరుగు మీది గొంతును బట్టి పొడుగ్గా, మీసాలతో ఉంటాడనుకుంది. ఇతను పొట్టిగా, కళ్ళద్దాలతో, గడ్డం మాసి ఉన్నాడు. లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్న తొందర కనిపిస్తోంది.

"ఏటండీ అనంతపురం గారూ, అరుగు దిగి ఇంత దూరం వచ్చేశారు?"

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. నోటికి వచ్చింది వేరే. "మీ మొక్కకి నీళ్ళు పోసొచ్చినాను."

అతని ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. "అయితే ఆ సీటే చూపించారా?"

"ఆ సీటే."

పక్కనే ఉన్న కాఫీ అంగడిలో బల్ల దగ్గరకు వెళ్ళారు. అలవాటు కొద్దీ జయరాం జేబులోంచి టిష్యూ తీసి బల్ల మీద పెట్టి, టీకి లైన్లో నిలబడ్డాడు. రెండు టీలు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ రెజ్యూమే ఇచ్చినప్పుడు నాకు తెలీదండీ," అన్నాడు. "కొత్త సీటు వేస్తున్నారనుకున్నాను. హెచ్చార్ గదిలో కూర్చున్నాక, బల్ల మీద నా కాగితం, పక్కనే నాకంటే తక్కువ జీతానికి మీది. మీ పేరు తలకిందులుగా చదివాను."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? రెండ్రోజులు మిమ్మల్నే తిట్టుకున్నాను. ఎవరో ఒకర్ని తిట్టుకోవాలి కదండీ. ఆ మేనేజర్‌ని తిడదామంటే ఆవిడ ముఖం గుర్తొస్తోంది, ఆవిడా భయపడుతూనే చెప్పింది. మీదైతే ముఖం కూడా తెలీదు, సుళువు."

"ఇప్పుడు తెలిసింది కదా."

"అదే వచ్చింది చిక్కు," అని టీ ఊదుకున్నాడు.

"నేను ఆ ఉద్యోగం వద్దంటా జయరాం గారూ. మీ టిష్యూ ఉండే కాడ నేనెట్లా కూసుంటా?"

"వద్దని? శుక్రవారం తర్వాత మీరు ధర్మవరం పోతారు, నేను బొబ్బిలి పోతాను. సోమవారం ఆ కుర్చీలో ఇంకెవడో కూర్చుంటాడు. ఆ మొక్కని తీసి చెత్తబుట్టలో పడేస్తాడు. మీ నాన్నగారికి ఏటి చెప్తారు? బొబ్బిలాయన టిష్యూ పెట్టాడని చెప్తారా?"

కాత్యాయనికి నాన్న గుర్తొచ్చాడు. ఉద్యోగం మాట దాటేస్తూ తను మాట్లాడితే, ఆ దాటేయడం తెలిసినా తెలియనట్టు ఊ కొట్టే నాన్న. ఆమె గ్లాసు పట్టుకొని బల్ల మీద తిప్పుతూ కూర్చుంది.

"ఒక్క పని చేసి పెట్టండి," అన్నాడు జయరాం. "ఆఫీసులో టిష్యూ నేనే తీసేశాననుకోండి. అరుగు మీది మాత్రం తీయనివ్వకండి. ఊరెళ్ళాక ఏదో నెట్ సెంటర్ చూసుకొని వస్తాను. నా ఉద్యోగం పోయిందని మాత్రం వాళ్ళకి చెప్పొద్దు. చెప్తే జాలి పడతారు. జాలిపడ్డోళ్ళు నాతో ఉప్మా మీద గొడవ పెట్టుకోరు. ఆ గొడవ లేకపోతే నాకు అరుగెందుకు?"

"ఉప్మా రహస్యం నాకన్నా చెప్పండి."

"అమ్మో! అది తిరిగొచ్చాకే."

ఆదివారం జయరాం విమానం ఎక్కాడు. సోమవారం కాత్యాయని ఆ కుర్చీలో కూర్చుంది. కూర్చునే ముందు టిష్యూ పొట్లం తీసి సొరుగులో పెట్టింది. లిమ్ అంకుల్ అది చూశాడు. మధ్యాహ్నం, "మొక్కకి నీళ్ళు ఎక్కువ పోయకు" అని తన ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ వారమంతా, ఆ తర్వాత వారం కూడా, అరుగు మీద 'బొబ్బిలి' పక్కన 'టిష్యూ' అలాగే ఉంది. మనిషి రాలేదు. కాత్యాయని పని మధ్యలో పదిసార్లు కంప్యూటర్లో అరుగు తెరిచి చూసేది. బొబ్బిలిలో నెట్ సెంటర్ లేదేమో. ఉంటే కరెంటు లేదేమో. ఉండి కూడా ఎక్కబుద్ధి కాలేదేమో. ఈ మూడోది తలుచుకుంటే ఆమెకు కూర్చున్న కుర్చీ గుచ్చుకునేది.

చివరికి వికాస్ అననే అన్నాడు. "ఇగ బొబ్బిలి పేరు తీసేస్తున్నా. కింద మస్తుమంది నిలబడ్డరు. కౌశిక్ అని కొత్త పిలగాడు రోజూ నా ప్రాణం తీస్తున్నడు, ఎక్కియ్యన్నా అని."

"తీయొద్దు," అని కొట్టింది కాత్యాయని.

"ఎందుకు తీయొద్దో చెప్పక్కా. ఆయన సంగతి నీకేమన్న తెలుసా?"

"టిష్యూ పెట్టిన మనిషిని ఎందుకు పోయినావని అడగకూడదు. మీరే పెట్టుకున్న రూలు."

"రూలు సరే. ఇంత లెంగ్తీ లంచ్ ఏ హాకర్ సెంటర్ల ఉంటది?"

చాందిని ఊరుకోలేదు. "కాత్యా, ఏదో దాస్తున్నావు. మీ ఇద్దరి మధ్యా ఏవన్నా ఉందా ఏంటి? ఉంటే చెప్పవే, చీర కొనుక్కుంటాను."

కాత్యాయని కుర్చీ ముందుకు లాక్కుంది. నిజం ఒక్క లైనులో చెప్పేయవచ్చు. చెబితే ఈ నోళ్ళు ఈ క్షణమే మూతపడతాయి. 'అయ్యో పాపం' అని వరసగా పది అయ్యోపాపాలు పడతాయి. రేపెప్పుడో బొబ్బిలి ఎక్కితే, అందరూ లేచి నిలబడి మర్యాదగా పలకరిస్తారు. ఉప్మా ఊసు ఎవరూ ఎత్తరు.

"ఏమన్నా అనుకోండి," అని కొట్టింది. "వికాస్, నీకు ఒక చోటు కావల్ల, అంతే కదా? నా పేరు తీసేయ్. ఆ పిల్లోడిని నా చోట్లో కూర్చోబెట్టు. బొబ్బిలిది ముట్టుకోవద్దు."

చాందిని వరసగా మూడు ప్రశ్నార్థకాలు కొట్టింది.

"అక్కా, మజాక్ జేస్తున్నవా?"

"లేదు నాయనా. తీసేయ్."

వికాస్ తీసేశాడు. ఎదురుగా తెరమీద మాటలు వస్తూనే ఉన్నాయి, తను కొట్టే చోటు మాత్రం బూడిదరంగుకు మారిపోయింది. చాందిని ఏదో అడిగింది, కాత్యాయని జవాబు పైకే చెప్పేసింది. పక్కన లిమ్ అంకుల్ "వాట్?" అన్నాడు. ఆ సాయంత్రం కొత్త కౌశిక్ ఎక్కి, వస్తూనే పెసరట్టు మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు.

ఆ తర్వాత కాత్యాయని రోజూ మధ్యాహ్నం కింద నిలబడి చదివేది. బొబ్బిలి పక్కన టిష్యూ ఉందో లేదో చూసుకొని, అరుగు మూసి పనిలో పడేది. అతను రాలేదు. ఆమె ఊరికి ఉత్తరం రాసింది గానీ, నారాయణస్వామి అంకుల్ ఇచ్చిన అడ్రసు సరైనదో కాదో కూడా తెలియలేదు. కొన్నాళ్ళకు వికాస్ కంపెనీ కూడా మూతపడింది. మూలనున్న ఆ ముసలి కంప్యూటర్‌ను ఎవరో తీసుకుపోయారు. అరుగుతో పాటు పన్నెండు చోట్లూ పోయాయి, టిష్యూ ఉన్నదీ లేనిదీ అని చూడకుండా.

మనీప్లాంట్ మాత్రం బతికింది. మైలో డబ్బా చాలక కాత్యాయని దాన్ని ఇంకో పెద్ద డబ్బాలోకి మార్చింది. ఎవరైనా తన దగ్గరకు వచ్చి కిటికీ పక్క సీటు భలే దొరికిందే అంటే, ఆమెకు ఎక్కడికో లేచి వెళ్ళాలనిపిస్తుంది. సొరుగు తెరిచి, మూసి, మళ్ళీ కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ చోటు కాయడానికి ఆమెకు అరుగు లేదు. అందుకే ఈ కథ చదివిన మిమ్మల్ని అడగాల్సి వస్తోంది. ఎప్పుడైనా ఖాళీ బల్ల మీద ఎవరిదో టిష్యూ పొట్లం కనిపిస్తే, దాన్ని కదపకండి. బొబ్బిలి నుంచి వచ్చి, ఉప్మా మాట సగంలో ఆపి, ఒక్క నిమిషం అని లేచి వెళ్ళిన జయరాం అనే మనిషి ఒకడున్నాడని గుర్తుంచుకోండి.